లోపల నేను, బయట బాపు

మా వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక ఇనుప ముద్ద అడ్డం పెడతాం. రెండు కిలోల దాకా ఉంటుంది, ఒక పక్క అద్దంలా నున్నగా, మిగతా పక్కలన్నీ మొరటుగా. మా ఆవిడ దాన్ని రెండుసార్లు పాత ఇనుప సామాన్లవాడికి వేయబోతే నేను ఆపాను. దాన్ని డాలీ అంటారు. రివిట్ అంటే రేకులను కలిపి బిగించే, ఒక పక్క నెత్తి ఉన్న మేకులాంటిది; దాన్ని కొట్టేటప్పుడు రేకుకు అవతలి పక్కన దన్నుగా పట్టే ముద్ద ఇది. 1995 ఎండాకాలంలో, పదో తరగతి పరీక్షలు రాసి రిజల్ట్స్ కోసం చూస్తున్న రోజుల్లో, ఒక పాత మిలిటరీ బండి కడుపులో కూర్చొని నెల రోజులు దాన్ని పట్టుకున్నాను. మొన్న వానకు తలుపు కొట్టుకుంటుంటే దాన్ని కాలితో జరుపుతూ, ఆ బండి గురించి ఇకనైనా రాయాలి అనుకున్నాను.

ములుగు రోడ్డు పక్కన బాపుకు బాడీ షెడ్డు ఉండేది. నాలుగు పాత పట్టాలు పాతి పైన రేకులు కప్పింది, పక్కకు గోడలు కూడా లేవు. ఎక్కువగా లారీలకు చెక్క బాడీలు, ట్రాక్టర్ ట్రాలీలు, టింకరింగ్ పనులు వచ్చేవి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే సీజన్‌లో రాత్రి కూడా వెల్డింగ్ ఆగేది కాదు. కానీ బాపు అసలు పని నేర్చుకున్నది బస్సు బాడీల మీద. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర ఏడేళ్లు ఉన్నాడు. అక్కడ బస్సులకు బయట అల్యూమినియం రేకు రివిట్లతో బిగించేవాళ్లు. వరంగల్ వచ్చాక ఆ పని పెద్దగా దొరకలేదు. ఆ డాలీలు రెండు, రివిట్ నెత్తి మీద ఆనించి సుత్తితో కొట్టే స్నాపులు నాలుగు నూనె గుడ్డలో చుట్టి ఒక అమ్యునిషన్ పెట్టెలాంటి డబ్బాలో పెట్టుకున్నాడు. నేను అంతవరకు వాటిని బయటికి తీయగా చూడలేదు.

ఏప్రిల్ నెలలో ఒకరోజు పొద్దున్నే శక్తిమాన్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. చూడనివాళ్లకు చెప్పాలంటే, జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సు మీద జబల్‌పూర్‌లో మన మిలిటరీ కోసం తయారైన లారీ అది. 1959 నుంచి దశాబ్దాల పాటు సైన్యానికి అదే ప్రధానమైన బండి. ముక్కు ముందుకు పొడుచుకొని ఉంటుంది, నేలకు ఎత్తుగా ఉంటుంది, ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పుతుంది. ఈ బండికి వెనక మామూలు తొట్టి కాదు, గదిలాంటి బాడీ. చిన్న కిటికీలు, వెనక తలుపు, లోపల బెంచీలు బిగించిన గుర్తులు. ఆర్మీలో రిపేరు సామాను పెట్టుకొని తిరిగే వర్క్‌షాప్ వ్యాన్ అట. ముందు బంపర్ మీద పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన 74 ఇంకా కనిపిస్తున్నాయి. మిలిటరీ నంబర్లలో బాణం తర్వాత వచ్చే రెండంకెలు బండి కొన్న సంవత్సరం. అంటే నాకన్నా ఐదేళ్లు పెద్దది.

దాన్ని వేలంలో కొని తెచ్చినాయన ఈఎంఈలో, అంటే ఆర్మీలో బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగంలో, హవల్దార్‌గా చేసి రిటైరైన మనిషి, హన్మకొండలో ఇల్లు. మేమంతా హవల్దార్ సాబ్ అనేవాళ్లం. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు జోరు మీదున్న కాలం. క్వారీలో కంప్రెషరో క్రేనో ఆగిపోతే దాన్ని ఊర్లోకి తేవడం కష్టం కాబట్టి, వర్క్‌షాప్‌నే క్వారీకి తీసుకుపోతే బతకొచ్చని ఆయన ఆలోచన. ఇంజను తనే చూసుకున్నాడు. బాడీ కింది భాగం మాత్రం తిన్నట్టుగా అయిపోయింది. వేలితో నొక్కితే కొన్నిచోట్ల రేకు అప్పడంలా విరిగింది.

బాపు చుట్టూ తిరిగి చూసి, పాప్ రివిట్లతో వేస్తే పదిహేను రోజుల్లో అయిపోతుందని లెక్క చెప్పాడు. పాప్ రివిట్ అంటే బయటి నుంచే ఒక్క మనిషి గన్‌తో లాగి బిగించేది, లోపల ఎవరూ ఉండనక్కర్లేదు. హవల్దార్ సాబ్ ఒప్పుకోలేదు.

"గది బోలుగుంటది. నడుమ ఇనుప పుల్ల తెగి లోపల్నే ఉంటది, తుప్పు పడ్తది, ఆ సందుల కెల్లి నీళ్లు పోతయ్. క్వారీ బాటల తిరిగే బండి ఇది, ఆర్నెల్లకు వదులైతయ్. అసలు రివిట్లే కొట్టాలె. నీకు వచ్చు గద?"

బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి ఆ డబ్బా తెచ్చి, నూనె గుడ్డ విప్పి డాలీ ఆయన చేతిలో పెట్టాడు. హవల్దార్ సాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, నున్న పక్క మీద బొటనవేలు రాసి, "రేపట్నుంచి షురూ చెయ్యి" అన్నాడు. అడ్వాన్స్ సంగతి కూడా మాట్లాడలేదు.

అసలు రివిట్‌కు ఇద్దరు కావాలి. షెడ్డులో పని చేసే అన్న ములుగు అవతల ఊరాయన. ఎండాకాలం రాగానే తునికాకు కోతకు పోతాడు, ఆ నెలన్నరలో ఆకు మీద వచ్చే డబ్బు బాపు ఇచ్చే జీతం కన్నా ఎక్కువ, ఆపడం న్యాయం కాదు. అట్లా నేను దొరికాను. అమ్మ మాత్రం "పరీక్షలు రాసి అలిసిపోయిండు, ఎండల ఆ డబ్బాల కూసుండబెడ్తవా" అని రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు.

మొదట విప్పడం. లోపలి ప్లైవుడ్ పలకలన్నీ తీశాక కానీ రివిట్ తోకలు, అంటే లోపలి పక్క చితికిన కొసలు, కనపడలేదు. బయట ఒక్కో నెత్తి మీద సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, రివిట్ కాడకన్నా కొంచెం సన్నని బిట్‌తో నెత్తి మందం వరకే డ్రిల్ చేయాలి. లోతుకు పోతే కింద ఫ్రేమ్‌లో రంధ్రం పెద్దదవుతుంది. నెత్తి వదులయ్యాక శాణంతో, అంటే ఇనుము కోసే ఉలితో, ఒక చిన్న దెబ్బ, అది ఎగిరిపోతుంది. మిగిలిన కాడను పంచ్‌తో లోపలికి నెట్టాలి. కొన్ని పాతవి బిట్‌తో పాటే గిర్రున తిరిగేవి, కోసేది కాదు. వాటికి శాణం అంచు నెత్తి కింద ఆనించి పట్టి డ్రిల్ చేయాలి. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయినప్పుడు చేతి డ్రిల్‌తో, పిడి తిప్పుతూ, గంటకు పదో పన్నెండో. మొత్తం ఆరు రేకులు మార్చాలి. రెండు పక్కలా కింది వరసలో ఏడేసి అడుగుల రేకులు రెండేసి, వెనక తలుపుకు చెరో పక్కన చిన్నవి. పెద్ద రేకు ఒక్కదానికి నూట ఎనభై దాకా రివిట్లు. అన్నీ కలిపితే ఎనిమిది వందల పైన.

మొదటి రేకు ఊడి కిందికి వంగిన రోజు నాకు బాగా గుర్తుంది. ఫ్రేమ్ కింది ఛానెల్ నిండా ఇసుక. మన వాగుల్లో దొరికే ముతక ఇసుక కాదు, పిండిలాంటిది, లేత పసుపు. దోసిలి పట్టి ఎత్తితే వేళ్ల సందుల్లోంచి నీళ్లలా జారింది. నీళ్లు బయటికి పోవడానికి ఛానెల్‌లో పెట్టిన చిన్న రంధ్రాలన్నీ దానితోనే పూడుకుపోయాయి. వాన నీళ్లు ఎన్నేళ్లుగానో అందులోనే నిలిచి ఫ్రేమ్‌ను తుప్పుకూ, రేకును తెల్ల పొడికీ అప్పజెప్పాయి. హవల్దార్ సాబ్ కొంచెం ఇసుక అరచేతిలో వేసుకొని రెండో చేతి వేలితో రుద్ది చూశాడు. "జైసల్మేర్ దిక్కుది ఇది. నాలుగేండ్లు తిన్న గీ ఇసుక, అన్నంల" అన్నాడు. రంగు గీకినప్పుడు కూడా అదే తెలిసింది. పైన ఆకుపచ్చ, దాని కింద ఇసుక రంగు పట్టీలు, దాని కింద మళ్లీ ఆకుపచ్చ. బండి ఎక్కడెక్కడ తిరిగిందో రంగుల వరసలోనే ఉంది. ఆయన ఆ ఇసుకను పారేయనివ్వలేదు. హార్లిక్స్ సీసాలో పోసుకొని ఇంటికి తీసుకుపోయాడు. 

ఆ తెల్ల పొడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బండి పాడైంది అసలు దాని వల్లే. అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి తాకుతూ నడుమ తడి ఉంటే బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో అల్యూమినియం తినబడుతుంది. కాబట్టి రెండూ నేరుగా తగలకూడదు. ఫ్రేమ్‌ను తీగ బ్రష్‌తో గీకి, గ్యాస్‌నూనెతో కడిగి, తుప్పు పట్టి పలచబడ్డ చోట కొత్త ముక్కలు వెల్డ్ చేసి, జింక్ క్రోమేట్ ప్రైమర్ రెండు కోట్లు వేశాం. పచ్చగా, పసుపుగా ఉంటుంది అది. మూతికి దస్తీ కట్టుకొని మేమే బ్రష్‌తో వేశాం, అది ఊపిరితిత్తులకు ఎంత చెడ్డదో అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరైనా పాత బండ్ల మీద ఆ పసుపు రంగు గీకుతుంటే మంచి మాస్క్ లేకుండా ముట్టుకోవద్దని చెబుతాను. ప్రైమర్ ఆరాక రేకు కూర్చునే చోటల్లా తారు పట్టించిన సన్న గుడ్డ పట్టీ. కింది ఛానెల్‌కు నీళ్లు పోయే రంధ్రాలు పాతవాటికన్నా పెద్దవి, ఎక్కువ.

రేకు, రివిట్లు వరంగల్‌లో మాకు కావలసిన సైజుల్లో దొరకలేదు. బాపు, నేను కాజీపేటలో పాసింజర్ ఎక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ పోయాం. అక్కడ కొట్లలో బాపును చూస్తే నాకు కొత్తగా అనిపించింది. ఇంట్లో నాలుగు మాటలకు ఒక మాట మాట్లాడే మనిషి అక్కడ ఉర్దూలో బేరమాడుతున్నాడు, నవ్వుతున్నాడు. 16 గేజ్ రేకు కావాలన్నాడు, అంటే మిల్లీమీటరున్నర కన్నా కొంచెం ఎక్కువ మందం. గేజ్ నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన అని దారిలో నాకు చెప్పాడు, అప్పటిదాకా నేను తలకిందులుగా అనుకునేవాణ్ణి. రివిట్లు ఒకటిన్నర సూత్‌వి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కొట్టువాడు చూపిన సంచిలోంచి ఒక రివిట్ తీసి, కొట్టు గడప రాయి మీద పెట్టి, వాడి సుత్తి తోనే నాలుగు దెబ్బలు కొట్టి, చితికిన అంచు పగిలిందేమోనని వెలుతురుకు పట్టి చూశాడు. పగిలింది. ఇంకో కొట్టుకు పోయాం. మూడో కొట్టులో పగలలేదు. చివర్లో రెండు సూత్‌లవి ఒక పిడికెడు వేరేగా కట్టించుకున్నాడు. ఇవెందుకు అంటే "చెడిపోయినకాడికి" అన్నాడు అంతే.

కొత్త రేకు మీద పాత రేకు పరిచి బిగించి, పాత రంధ్రాల్లోంచే కొత్త రంధ్రాలు వేశాం. మడతపడి చిరిగిన చోట మాత్రం కొలిచి వేయాలి. రంధ్రం అంచుకు మరీ దగ్గరగా ఉండొద్దు, రివిట్ లావుకు కనీసం రెండింతల దూరం ఉండాలి, లేకపోతే అక్కడ రేకు చిరుగుతుంది. తర్వాత రేకును ఫ్రేమ్‌కు ఆనించి, ప్రతి ఐదో రంధ్రంలో ఒక బోల్టు పెట్టి నిలబెట్టాలి. ఇక్కడ బాపు ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న కిటుకు ఒకటి ఉంది, ఆ నెలంతా నా ప్రాణం మీదికి వచ్చింది అదే. ఎండకు ఇనుము ఎంత సాగుతుందో అల్యూమినియం దాదాపు దానికి రెట్టింపు సాగుతుంది. ఏడడుగుల రేకు 20 డిగ్రీలు వేడెక్కితే దగ్గర దగ్గర ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు రివిట్ కొడితే మధ్యాహ్నానికి ఆ రేకు సాగే చోటు లేక పొట్టలా ఉబ్బుతుంది, చెయ్యి వేస్తే టపటపమంటుంది. అదే ఎండకు కొంచెం సాగనిచ్చి కొడితే, చల్లబడ్డాక డప్పు తోలులా బిగుసుకుంటుంది. కాబట్టి పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా రంధ్రాలు, ప్రైమర్, బోల్టులు. ఎనిమిదిన్నరకు బాపు రేకు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. "ఇగ ఎక్కు" అంటే నేను డాలీ పట్టుకొని లోపలికి.

మే నెల వరంగల్. 43, 44 డిగ్రీలు మామూలే. లోపల ఒక టేబుల్ ఫ్యాను, కరెంటు ఉన్నంతసేపు. తడి గోనె సంచి వీపున కప్పుకొని, మోకాళ్ల మీద, కొన్నిచోట్ల పక్కకు పడుకొని.

పని ఇట్లా ఉంటుంది. బాపు బయటి నుంచి రివిట్ దూరుస్తాడు. కాడ చివర లోపల నా ముందుకు పొడుచుకు వస్తుంది, రివిట్ లావుకు ఒకటిన్నర రెట్లు బయటికి ఉండాలి, అంటే ఏడు మిల్లీమీటర్లు. నేను డాలీ నున్న పక్కను దానికి తిన్నగా ఆనించి బలంగా నొక్కుతాను. బాపు నెత్తి మీద స్నాప్ పెట్టి సుత్తితో కొడతాడు. దెబ్బ రేకు లోంచి, రివిట్ లోంచి వచ్చి నా అరచేతుల్లో పడుతుంది. డాలీ బరువుకు కాడ ఇటు చితికి బిళ్లలా అవుతుంది. ఆ బిళ్ల గుండ్రంగా, రివిట్ లావుకు ఒకటిన్నర రెట్ల వెడల్పు, సగం ఎత్తు ఉంటే మంచిది. తక్కువైతే వదులు, ఎక్కువ చితికితే అంచు పగులుతుంది, డాలీ ఒక వెంట్రుకవాసి వంగినా తోక పక్కకు ఒరుగుతుంది. ఇవన్నీ నాకు మాత్రమే కనపడతాయి. బాపుకు బయట నెత్తి తప్ప ఏమీ కనపడదు. సుత్తి మోతలో మాట వినపడదు. అందుకని డాలీతో రేకు మీద తట్టాలి. ఒకసారి తడితే మంచిగ కూర్చుంది, ముందుకు పో. రెండుసార్లు తడితే ఇంకో దెబ్బ కావాలి. మూడుసార్లు తడితే చెడిపోయింది, తీసెయ్యి.

మొదటి రోజు అన్నీ మూడే. బాపు కోప్పడలేదు, ఒక్కోటి డ్రిల్ చేసి తీస్తూనే ఉన్నాడు. నాలుగో రోజుకు చేతులకు తెలిసింది. ఆ తర్వాత మా ఇద్దరికీ ఒక వరస పడింది. మూడు దెబ్బలు, ఒక తట్టు. మూడు దెబ్బలు, ఒక తట్టు. బాపు దెబ్బల్లో మొదటిది మెత్తగా, కాడను రంధ్రంలో నింపడానికి. తర్వాతి రెండు గట్టివి. రేకు నడిమి నుంచి అంచులకు పోయేవాళ్లం, లేకపోతే గాలి ఇరుక్కున్నట్టు మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది. ఒక్కోసారి రెండు గంటలు ఒక్క మాట లేకుండా గడిచేవి. కానీ బాపుతో అంతసేపు మాట్లాడినట్టు నాకు అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు. ఆయన అలిసిపోతే దెబ్బలోనే తెలిసేది, నేను అలిసిపోతే తట్టులో ఆయనకు తెలిసేది, కాసేపు ఆపి "చాయ్ తాగుదాం దిగు" అనేవాడు. పదకొండింటికి అమ్మ పంపిన సర్వపిండి, చెట్టు కింద కుండ నీళ్లు, వచ్చిన రోజు తాటి ముంజలు. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం, అది సరిపోయేది కాదు. బాపుకు ఇప్పుడు ఎడమ చెవి దాదాపు వినపడదు. డాక్టరు అడిగితే "బస్సులు" అన్నాడు.

నాలుగో పెద్ద రేకు, ఎడమ పక్క వెనకది. కింది వరస, మూల నుంచి మూడో రివిట్. అక్కడ రెండు ఛానెళ్లు కలిసే చోటు, డాలీ తిన్నగా పట్టడానికి సందు లేదు. అప్పటికి పదకొండు దాటింది, కరెంటు పోయి అరగంట, ఫ్యాను లేదు, చెమట కళ్లలోకి కారుతోంది. డాలీ జారింది. తోక ఒక పక్కకు ఒరిగింది. రెండు తట్టాను, బాపు ఇంకో దెబ్బ వేశాడు, ఇంకా ఒరిగింది. అది పోయిన రివిట్. మూడు తట్టాలి. మూడు తడితే మళ్లీ డ్రిల్, కరెంటు లేదు కాబట్టి చేతి డ్రిల్, మళ్లీ శాణం, మళ్లీ ఈ మూలలోకి చెయ్యి దూర్చడం. 

నేను ఒకటి తట్టాను.

బయట బాపు పక్క రంధ్రానికి పోయాడు. మిగిలిన రెండూ బాగానే పడ్డాయి. దిగి నీళ్లు తాగాను. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు, అమ్మ ఎండదెబ్బ అనుకొని ఉల్లిపాయ రసం పూసింది.

అన్ని రేకులూ అయ్యాక, ప్లైవుడ్ బిగించే ముందు, నీళ్ల పరీక్ష. డ్రమ్ములు నింపుకొని నేను, పక్క షెడ్డు పిల్లలు బయట బకెట్లతో కొడుతున్నాం. హవల్దార్ సాబ్ టార్చిలైటు పట్టుకొని లోపల కూర్చున్నాడు. కుడి పక్క అయిపోయింది. ఎడమ పక్క మూలకు రాగానే నాకు చెయ్యి ఆడలేదు. లోపలి నుంచి ఆయన గొంతు వినపడింది. "ఇగో, ఈడ చెమట పట్టినట్టున్నది."

బాపు లోపలికి ఎక్కాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. టార్చి వెలుగులో ఆ ఒరిగిన తోక చాలాసేపు చూశాడు. నా వైపు చూడలేదు. "నా దెబ్బ వంకర పడ్డది సాబ్. రేపు పొద్దుగాల తీసి కొట్త" అన్నాడు. హవల్దార్ సాబ్ ముప్పై ఏళ్లు ఆ పని చూసిన మనిషి. దెబ్బ వంకరైతే బయట నెత్తి మీద స్నాప్ గాటు పడుతుంది, డాలీ జారితేనే తోక అట్లా ఒరుగుతుంది, ఆ సంగతి ఆయనకు తెలియకుండా ఉండదు. ఆయన కూడా ఏమీ అనలేదు. టార్చి ఆర్పి దిగిపోయాడు.

రాత్రి వాకిట్లో మంచం మీద పడుకున్నాక బాపు అడిగాడు. "ఎన్ని తట్టినవ్ దానికి?"

"ఒకటి."

చాలాసేపు పలకలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"లోపల నాకు కండ్లు లెవ్వు బిడ్డా. నువ్వు తట్టిందే నాకు కనవడ్తది" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు. ఇంతవరకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పొద్దున్నే ఆ రివిట్ తీశాం. ఒరిగినప్పుడు కాడ రంధ్రాన్ని ఒక పక్కకు తినేసింది, అదే సైజు రివిట్ ఇక అందులో బిగుసుకోదు. బాపు రాణిగంజ్‌లో వేరేగా కట్టించిన పొట్లం విప్పి, రంధ్రాన్ని రెండు సూత్‌లకు పెంచి, ఆ లావుది దూర్చాడు. నేను ఆ మూలలో పక్కకు పడుకొని, భుజం ఛానెల్‌కు ఆనించి, డాలీని రెండు చేతులతో పట్టాను. లావు రివిట్ కాబట్టి ఏడెనిమిది దెబ్బలు పట్టింది. రెండు తట్టాను. మళ్లీ రెండు. తర్వాత టార్చి తెప్పించుకొని, అంచు చుట్టూ గోరు తిప్పి చూసి, ఒకటి తట్టాను.

ఆ మూలకు మళ్లీ పది బకెట్లు కొట్టాం. రాలేదు.

రంగు దగ్గర హవల్దార్ సాబ్ కొంచెం బాధపడ్డాడు. మిలిటరీ బండ్లకు తప్ప బయటి బండ్లకు ఆలివ్ గ్రీన్ వేయకూడదు, 1989 మోటారు వాహనాల రూల్స్‌లోనే ఉంది. బూడిద రంగు వేశాం, కింద ఎర్ర పట్టీ. బంపర్ మీది బాణం గుర్తును ఆయనే ఎమరీ కాగితంతో రుద్దాడు, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. జూన్‌లో మొదటి వాన పడ్డ మరునాడు బండి కరీంనగర్ వైపు పోయింది. పోయే ముందు ఆయన బాపుకు డబ్బులిచ్చి, నా చేతిలో విడిగా రెండు వందలు పెట్టాడు. నేను వద్దని వెనక్కి జరిగితే, "లావుది కొట్టినవ్ గద, దానికి" అన్నాడు.

ఆ తర్వాత నేను ఐటీఐ చేసి, కంప్రెషర్ల సర్వీసు పనిలో పడ్డాను. షెడ్డు 2003లో మూశాం. 2011 వానాకాలంలో బావుపేట వైపు ఒక క్వారీలో కంప్రెషర్ చూడ్డానికి పోతే, గేటు పక్కన నాలుగు సిమెంటు దిమ్మెల మీద ఒక రేకు గది కనపడింది. బూడిద రంగు వెలిసిపోయి, ఎర్ర పట్టీ అక్కడక్కడా. కింద లారీ లేదు, చక్రాలు లేవు, ఒట్టి బాడీ. వాచ్‌మన్ కుటుంబం ఉంటోంది అందులో. కిటికీకి చీర అడ్డం కట్టి ఉంది, తలుపు ముందు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అట్లాంటి బండ్లు చాలానే వేలంలో పోయాయి కదా, ఇదే అని ఎట్లా అనుకోవడం. ఎడమ పక్కకు పోయి వెనక మూల దగ్గర కూర్చున్నాను. కింది వరస, మూల నుంచి ఒకటి, రెండు, మూడు. మూడోదాని నెత్తి పక్కవాటి కన్నా లావు. బురద తుడిచి బొటనవేలు పెట్టి చూశాను, కదల్లేదు.

వాచ్‌మన్ భార్య ఏం పోగొట్టుకున్నాడో అన్నట్టు చూస్తోంది. వాన పడితే లోపల కారుతుందా అక్కా అని అడిగాను. "తలుపు కాడ కారుతది. గీ దిక్కు కారది" అంది.

ఆ ఆదివారం వరంగల్ పోయినప్పుడు బాపుకు చెప్పాను, కుడి చెవి దగ్గర గట్టిగా. హవల్దార్ సాబ్ అప్పటికి లేడు. బాపు విని కాసేపు ఊరుకొని, "రెండు సూత్‌లది?" అన్నాడు.

"ఆ, అదే."

"లోపల చూసినవా? తోక ఎట్లున్నది?"

"ప్లైవుడ్ ఉంది బాపూ. కనవడదు."

"మల్ల మంచిగున్నదని ఎట్ల చెప్తున్నవ్?"

"లోపల నేనే ఉన్న గద బాపూ" అన్నాను.